ఇంట్లో ఉంటూనే నేల టైల్స్ మార్పించుకోవడం సాధ్యమేనా?

మియాపూర్_మాధవి

మాది 2004లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. మూడు పడక గదులు, హాలు, వంటగది కలిపి సుమారు వెయ్యి చదరపు అడుగుల నేల ఉంటుంది. కిందటి నెల ఒక మధ్యాహ్నం ఎవరూ ముట్టుకోకుండానే హాల్లో పెద్ద చప్పుడుతో రెండు వరుసల టైల్స్ ఎదురెదురుగా గుడారంలా పైకి లేచాయి. వాటిని తీసేసి ఆ చోట రబ్బరు చాప పరిచి నెట్టుకొస్తున్నాం గాని, చుట్టుపక్కల టైల్స్ కూడా తడితే డొల్లగా మోగుతున్నాయి. ఎలాగూ ముట్టుకోవాల్సి వచ్చింది కనుక ఇల్లంతా మార్పించాలని అనుకుంటున్నాం.

మా అత్తగారికి మోకాలి మార్పిడి జరిగి ఏడాది కాలేదు, వాకర్ పట్టుకుని నడుస్తారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, మార్చిలో పరీక్షలు. కాంట్రాక్టరు మాత్రం "మీరెక్కడికీ కదలక్కర్లేదమ్మా, ఒక్కో గదీ పూర్తి చేసుకుంటూ వెళ్తాం" అంటున్నాడు. మా వారు ఆ మాట నమ్మారు, నేను ఇంకా నమ్మలేదు. ఇంట్లో ఉంటూనే ఈ పని చేయించిన వాళ్లెవరైనా ఉంటే దుమ్ము, వంట, పడక విషయాలు ఎలా సర్దుకున్నారో చెప్పగలరు.

కర్రీపాయింట్_కృష్ణ

మిమ్మల్ని ఎక్కడికీ కదలక్కర్లేదన్న ఆ కాంట్రాక్టరు, సాయంత్రం ఆరు కాగానే చేతులు కడుక్కుని తన ఇంటికి వెళ్లిపోతాడన్న సంగతి మీ వారికి ఒకసారి గుర్తు చేయండి.

విశాఖ_వరండా

మేము రెండేళ్ల క్రితం ఇంట్లోనే ఉండి చేయించాం కనుక అసాధ్యమని చెప్పను. అయితే ఈ పనిలో పాత నేలను పగలగొట్టే రోజులు వేరు, కొత్త టైల్స్ పరిచే రోజులు వేరు. పరిచే రోజుల్లో ఉండే ఇబ్బంది దారి మూసుకుపోవడం, తడి, సామాను కుప్పలు మాత్రమే, అది భరించదగినదే. పగలగొట్టే రోజుల్లో లేచే దుమ్ము మాత్రం మూసిన తలుపుల సందుల్లోంచి దూరి, బీరువాలో మడతపెట్టిన పట్టుచీరల మీద కూడా పేరుకుంటుంది.

మేము పని జరిగే గది తలుపుకు బయటివైపు నుంచి మందపాటి ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి, కింద తడి గోనెపట్టా పరిచాం. గదిలోపల కిటికీలో ఒక టేబుల్ ఫ్యానును బయటికి ఊదేలా పెట్టించాం. గదిలోని గాలి బయటికి పోతూ ఉంటే, ఇంట్లోని గాలి ఆ గదివైపు లాగబడుతుంది గాని అక్కడి దుమ్ము మనవైపు రాదు. పని సాగుతున్నంతసేపూ ఏసీలు వేయలేదు, ఎందుకంటే దుమ్మంతా వాటి ఫిల్టర్లలోనే చేరుతుంది. సాయంత్రం పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము మళ్లీ గాల్లోకి లేవదు.

చిన్నూ_వాళ్లమ్మ

విశాఖ_వరండా గారి ఏర్పాట్లు బాగానే ఉన్నాయి గాని, నేను వారితో ఏకీభవించలేను. మా బాబుకు ఉబ్బసం ఉంది. ఆ ప్లాస్టిక్ తెరలన్నీ కట్టించినా, పక్క గది పగలగొట్టిన రాత్రి వాడికి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. సిమెంటు, ఇసుక, టైల్స్ పొడిలో సిలికా ఉంటుంది. అందులో కంటికి కనిపించని సన్నటి రేణువులే ఊపిరితిత్తుల లోపలికి దిగుతాయి, గంటల తరబడి గాల్లో తేలుతూ ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నవాళ్లు పగలగొట్టే రోజుల్లో బంధువుల ఇంట్లోనో, అద్దె గదిలోనో ఉండటమే మంచిది. మాధవిగారూ, మీ అత్తగారిని మాత్రం ఆ రోజుల్లో తప్పకుండా పంపించండి.

తెనాలి_ఇంజనీరు

వెళ్లాలా ఉండాలా అని తేల్చేముందు అసలు ఎంత పగలగొట్టాలో తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మీ హాల్లో టైల్స్ లేవడానికి మామూలుగా కనిపించే కారణం, అప్పట్లో వాటిని మధ్యలో సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి, గోడ నుంచి గోడకు బిగించి పరచడం. టైలు ఏళ్ల తరబడి గాలిలోని తేమకు అతి కొద్దిగా వ్యాకోచిస్తుంది, ఎండకు ఇంకొంచెం వ్యాకోచిస్తుంది, కింద ఉన్న కాంక్రీటు మాత్రం కుంచించుకుపోతూ వస్తుంది. పట్టు సరిగా లేని చోట ఆ ఒత్తిడంతా ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ఈసారి పరిచేటప్పుడు టైలుకు టైలుకు మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు సమానంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టించండి. గోడ అంచున 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే దాన్ని స్కర్టింగ్, అంటే గోడ అడుగున అతికించే టైలు పట్టీ, కప్పేస్తుంది.

ఇక పగలగొట్టడం సంగతి. వెయ్యి చదరపు అడుగులంటే దాదాపు 93 చదరపు మీటర్లు. టైలుతో పాటు దాని కింది 50 మిల్లీమీటర్ల సిమెంటు పరుపు కూడా తవ్వితే వచ్చే శిథిలాల బరువు పది టన్నులు దాటుతుంది. అది మూడో అంతస్తు నుంచి సంచుల్లో కిందికి దిగాలి. గట్టిగా ఉన్న గదుల్లో పాత టైల్స్ మీదే అంటుగమ్ముతో కొత్తవి అతికిస్తే ఈ దుమ్మూ బరువూ రెండూ చాలావరకు తప్పుతాయి. లేచిపోయిన హాల్లో మాత్రం అలా చేయకూడదు, ఎందుకంటే పట్టు లేని నేల మీద అతికించిన కొత్త టైలు పాతదానితో కలిసి లేస్తుంది.

బేతంచెర్ల_బండ

మా తాతగారు నాపరాళ్లు పరిపించిన ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది. ఒక్క బండ కూడా ఆకాశంలోకి లేవలేదు, ఎవరూ నెబ్యులైజర్ పెట్టుకోలేదు. మీరందరూ గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ తెప్పించుకుని ఇబ్బంది పడుతున్నారు.

తెనాలి_ఇంజనీరు

బేతంచెర్ల బండలైనా, తాండూరు బండలైనా, షాబాద్ బండలైనా మంచివే. మా ఇంట్లోనూ తాండూరు నీలం బండలే ఉన్నాయి. కాని వాటిని పరిచాక పాలిష్ పట్టాలి. ఆ యంత్రం చిమ్మే బురద నీటి మధ్య మాధవిగారి అత్తగారు వాకర్‌తో నడవలేరు. మార్బుల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో ఉంటూ చేయించుకోవడానికి ఏ నేలా సుఖం కాదు గాని, వాటిలో టైల్సే నయం.

మియాపూర్_మాధవి

టైల్స్ మీద టైల్స్ వేస్తే శ్లాబుకు బరువు ఎక్కువవుతుందని మా అసోసియేషన్ కార్యదర్శి భయపెడుతున్నారు. అలా వేస్తే నేల ఎత్తు పెరిగి తలుపులు పట్టేస్తాయన్నది నాకున్న ఇంకో సందేహం.

తెనాలి_ఇంజనీరు

పది మిల్లీమీటర్ల టైలు, దాని కింద నాలుగు మిల్లీమీటర్ల అంటుగమ్ము కలిపితే చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు. నివాస గదుల శ్లాబును మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల భారం మోసేలా రూపొందించాలని భవనాల భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. దానితో పోలిస్తే ఇది పెద్ద బరువు కాదు. పాత టైల్స్ మీద మళ్లీ నాలుగు సెంటీమీటర్ల ఇసుక సిమెంటు పోసి 18 మిల్లీమీటర్ల గ్రానైట్ పరిస్తే అది 130 కిలోల దాకా పోతుంది. ఆ పని మాత్రం ఇంజనీరు చూడకుండా చేయించవద్దు. మీ కార్యదర్శి గారు విన్న భయం బహుశా అలాంటి ఇంటిదే అయి ఉండాలి.

ఎత్తు పెరిగేది ఒకటిన్నర సెంటీమీటరు. ప్రతి తలుపునూ కింద కోయించాలి. బాల్కనీ జారుడు తలుపు పట్టాను ముందే చూసుకోవాలి, దాన్ని కోయడం కుదరదు. స్నానాల గది నేల మామూలుగా కిందికే ఉంటుంది కనుక అక్కడ ఇబ్బంది లేదు. హాల్లో కొత్త పరుపు ఎలాగూ వేస్తారు కాబట్టి, దాన్నే ఆ ఒకటిన్నర సెంటీమీటరు మందంగా వేయిస్తే గదులూ హాలూ ఒకే మట్టానికి వస్తాయి. ఈ మాట మేస్త్రీకి మొదటి రోజునే చెప్పాలి, ఎందుకంటే హాలు పూర్తయ్యాక చెబితే ప్రతి గది గుమ్మం దగ్గరా మీ అత్తగారి వాకర్‌కు ఒక మెట్టు తగులుతుంది.

తాపీ_చేతులు

నేను పదహారేళ్లుగా టైల్స్ పని చేస్తున్నాను. ఇంజనీరు గారి లెక్కలను కాదనను గాని, పాత టైల్స్ గట్టిగా ఉన్నాయని ఎవరో చెప్పగానే నమ్మి అతికించే పని కాదు ఇది. ప్రతి టైలునూ చెక్క సుత్తితో నాలుగు మూలలా, మధ్యలో కొట్టి వినాలి, డొల్లగా మోగినదానికి సున్నంతో గుర్తు పెట్టి తీసేయాలి. పాత టైలు నున్నటి ముఖాన్ని గ్రైండర్‌తో గరుకు చేయాలి. అక్కడా దుమ్ము లేస్తుంది గనుక దుమ్ము లేని పని అని ఎవరూ అనుకోవద్దు. విట్రిఫైడ్ టైలు దాదాపు నీరు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు దానికి పట్టదు. అంటుగమ్ము సంచి మీద ఐఎస్ 15477 అనీ, అది ఏ రకమనీ రాసి ఉంటుంది. టైలు మీద టైలు అతికించడానికి మొదటి రకం పనికిరాదు, దుకాణంలో మీ పని ఏమిటో చెప్పి తగిన రకం అడగండి.

ఇంకొక మాట. ఇంట్లో వాళ్ల దుమ్ము గురించి ఇక్కడ చాలామంది రాశారు. మీరు ఒక వారం పీల్చే దుమ్మును మేము ఏడాది పొడవునా పీలుస్తాం, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ జబ్బు వచ్చేది ముందుగా మాకే. కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు ఎన్95 మాస్కులు, నీళ్లు చల్లుతూ కోసే యంత్రం కూడా అడగండి. నీళ్లు పోస్తూ కోస్తే మీ ఇంటికీ దుమ్ము తగ్గుతుంది.

విశాఖ_వరండా

తాపీ_చేతులు గారు చెప్పిన కోత యంత్రాన్ని మేము బాల్కనీలో పెట్టించాం. ఇంట్లో దుమ్ము సగానికి సగం తగ్గింది గాని, ఆ తెల్లనీళ్లు పైపులోకి పోకుండా మురుగు జాలీ మీద గోనెగుడ్డ కట్టించండి. సిమెంటు నీళ్లు పైపులో గడ్డకడితే మళ్లీ ప్లంబర్‌ను పిలవాలి.

కింది_ఫ్లాటు_మనిషి

పని చేయించుకునే వాళ్ల కష్టాలే చదువుతున్నాను గాని, వాళ్ల కింద ఉండే మా గురించి ఒక్కరూ రాయలేదు. మా పైవాళ్లు బ్రేకర్‌తో (నేల పగలగొట్టే కరెంటు యంత్రం) పగలగొట్టిన రోజుల్లో మా హాలు పైకప్పు నుంచి సున్నం పెచ్చులు రాలాయి, మా నాన్నగారు మధ్యాహ్నం నిద్ర మానుకున్నారు. ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే మేము ఆ వారం ఊరికి వెళ్లి ఉండేవాళ్లం. మాధవిగారూ, పగలగొట్టే తేదీలను కింది ఇంటికీ పక్క ఇళ్లకూ ముందే చెప్పండి, ఉదయం పదికి ముందూ సాయంత్రం ఆరు తర్వాతా బ్రేకర్ పెట్టనివ్వకండి. శిథిలాల సంచులను లిఫ్టులో దించవద్దు. మా లిఫ్టు తలుపు పట్టాలో ఇసుక ఇరుక్కుని ఆగిపోయింది, ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ ఇప్పటికీ తేలలేదు.

కర్రీపాయింట్_కృష్ణ

మీరు ఊరికి వెళ్లిపోతే, పైవాళ్లు దుమ్ముకు తట్టుకోలేక మీ ఖాళీ ఫ్లాటులోనే ఉండేవాళ్లు కదా, అప్పుడు అందరి సమస్యా తీరేది.

కింది_ఫ్లాటు_మనిషి

అద్దె ఇస్తే ఆలోచిస్తాను.

డల్లాస్_పెరడు

మేము ఇక్కడ కార్పెట్ తీయించి చెక్క నేల వేయించాం. రెండంతస్తుల ఇల్లు కనుక కింద పని జరుగుతున్నప్పుడు పైన ఉన్నాం. పలకలను ముందే తెప్పించి ఇంటి గాలి తేమకు అలవాటు పడేలా గదిలోనే రెండు మూడు రోజులు ఉంచారు. క్లిక్ చేసి బిగించే ఎస్పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా దొరుకుతున్నాయని మా తమ్ముడు చెప్పాడు. సిమెంటు లేదు, ఆరడం లేదు, పరిచిన వెంటనే నడవవచ్చు. మాధవిగారు పడక గదులకైనా అవి చూడవచ్చు కదా.

తాపీ_చేతులు

చూడవచ్చు గాని, వాటికి కింది నేల చాలా మట్టంగా ఉండాలి. రెండు మీటర్ల పట్టీ పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లకు మించి పల్లం కనిపించకూడదు, కనిపిస్తే అతుకులు విరుగుతాయి. పైగా మన ఇళ్లలో పండగకు బకెట్లతో నీళ్లు కుమ్మరించి కడుగుతారు. పలక నీటికి పాడవకపోయినా, సందుల్లోంచి దిగిన నీరు కింద నిలిచి వాసన వస్తుంది.

చిన్నూ_వాళ్లమ్మ

వంట గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. వంటగది చేసే రోజుల్లో పొయ్యిని బాల్కనీలోకి మార్చారు మా పక్కింటివాళ్లు. అటుగా నడిచే కూలీల కాళ్లకు రబ్బరు గొట్టం తగులుతుంటే చూసి నాకే భయం వేసింది. సిలిండరును రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, నిలబెట్టి ఒక పక్కన పెట్టేయండి. ఇండక్షన్ పొయ్యి, ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే అన్నం, పప్పు, టీ గడిచిపోతాయి. బ్రేకర్ నడిచే లైను మీదనే వాటిని పెట్టకండి, భారం ఎక్కువై ఆ లైను ఎంసీబీ స్విచ్చి పడిపోతుంది.

కర్రీపాయింట్_కృష్ణ

అన్నం ఇంట్లో వండుకుని కూరలు మా వీధి చివర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోవడం ఈ నగరంలో కొత్తేమీ కాదు. ఆవకాయ జాడీని మాత్రం గుడ్డ కట్టి పక్కింట్లో దాచండి, సిమెంటు కలిసిన ఆవకాయను ఏ ఇంజనీరూ బాగుచేయలేడు.

గడప_దాటని_గౌరి

మా ఇంట్లో వంటగది నేల కోసం మాడ్యులర్ అరల కింది చెక్క పట్టీని తీయించి, అరల కాళ్ల వరకు మాత్రమే టైల్స్ వేయించాం. అరలను కదిలించలేదు కనుక పని త్వరగా అయింది. కొందరు ఇది సగం పని అంటారు గాని, అరల కింద ఎవరూ తొంగి చూడరు. స్నానాల గదులను మాత్రం ఇదే అదనుగా ముట్టుకోవద్దు. అక్కడ పగలగొడితే వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి, నీళ్లు నిలిపి ఒకటి రెండు రోజులు పరీక్షించాలి. కింది_ఫ్లాటు_మనిషి లాంటి వారి పైకప్పు తడిస్తే ఈ గొడవలు ఏళ్ల తరబడి సాగుతాయి.

కింది_ఫ్లాటు_మనిషి

గౌరిగారికి నా పూర్తి మద్దతు.

మియాపూర్_మాధవి

అందరి మాటలూ చదివాక నిన్న మేస్త్రీని పిలిపించి ప్రతి గదిలో కొట్టించి చూశాం. రెండు పడక గదులు గట్టిగా ఉన్నాయి. మూడో గదిలో కిటికీ వైపు ఒక వరుస డొల్లగా ఉంది, హాలు సగానికి పైగా డొల్లే. అందుకని హాలును పగలగొట్టి, గదులకూ వంటగదికీ పైన అతికించాలని నిర్ణయించుకున్నాం. పరీక్షలయ్యాక ఏప్రిల్లో మొదలుపెడతాం. హాలు తవ్వే రోజుల్లో అత్తయ్య కరీంనగర్‌లో మా ఆడపడుచు ఇంట్లో ఉంటారు. పని మొత్తం అయ్యాక కొత్త నేల మీద మళ్లీ పాలు పొంగించాలా అని ఆవిడ అడుగుతున్నారు. నాకూ తెలియదు గాని, పొంగించడానికి అప్పటికి గ్యాసు పొయ్యి దొరికితే చాలు.

హాలును ముందు చేయించాలా, చివర చేయించాలా అన్న దగ్గర నేనూ మా వారూ మళ్లీ విడిపోయాం. కళ్లముందు ఉన్నది హాలే కనుక ముందు అదే అని ఆయన అంటున్నారు.

తాపీ_చేతులు

చివర. గదులకు వెళ్లే సంచులు, పెట్టెలు, మనుషులు అందరూ హాలు మీదుగానే నడవాలి. కొత్త టైల్స్ మీద ఇసుక రేణువు పడి దాని మీద బీరువా జరిగితే గీత పడుతుంది, అది పోదు. ఇప్పుడు లేచిన చోట డొల్లవి తీసేసి, ఆ గుంతను చుట్టుపక్కల మట్టానికి సిమెంటు ఇసుకతో నింపించండి, అప్పటిదాకా అత్తగారు తట్టుకుని పడిపోకుండా ఉంటారు.

అందరికంటే లోపలి గదితో మొదలుపెట్టించి, ఒక గదికి జాయింట్లు నింపి ఆరాక దాని సామాను అందులోకి తెచ్చి, రెండో గది ఖాళీ చేయాలి. అంటుగమ్ముతో వేసినదాని మీద ఒక రోజు దాటాక నడవవచ్చు, బీరువా, మంచం వంటివాటికి ఇంకొన్ని రోజులు ఆగాలి. హాల్లో ఇసుక సిమెంటు పరుపు కనుక రెండు రోజులు కాలు పెట్టవద్దు, బరువులకు వారం ఆగండి. సామాను జరిపేది ఎవరో ముందే మాట్లాడుకోండి, అది మా రేటులో ఉండదు. ప్రతిచోటా గొడవ వచ్చేది అక్కడే. తలుపులు తీసి కోసి మళ్లీ బిగించే వడ్రంగి కూడా వేరే మనిషే.

ఇంట్లో మనుషులుంటే పని నెమ్మదిస్తుందని మాలో చాలామంది విసుక్కుంటారు. నేను అలా అనను. బాల్కనీ వాటం ఎటు ఉండాలో, గుమ్మం దగ్గర ముక్క ఏ వైపు పడాలో అడగడానికి ఒక మనిషి ఉంటే మేలు. ఫోన్లో ఫొటో పంపి అడిగితే, జవాబు వచ్చేసరికి కలిపిన సిమెంటు గట్టిపడుతుంది.

తెనాలి_ఇంజనీరు

తాపీ_చేతులు గారి వరుసే సరైనది. హాలు తవ్వేముందు ఎలక్ట్రీషియన్‌తో నేలలో వైర్ల పైపులు ఎటు పోతున్నాయో గుర్తు పెట్టించండి, ఆ కాలపు ఫ్లాట్లలో పరుపులోంచే పైపులు పోయి ఉండే అవకాశం ఉంది. హాలు శిథిలాలే మూడు టన్నులకు పైగా ఉంటాయి. వాటిని ఖాళీ స్థలంలోనో, నాలా పక్కనో పారబోయించే ట్రాక్టర్లకు ఇవ్వకండి. హైదరాబాద్‌లో జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ నిర్మాణ వ్యర్థాల రీసైక్లింగ్ కేంద్రాలు ఉన్నాయి, 2016 నిబంధనల నుంచీ ఆ బాధ్యత ఇంటి యజమానిదే.

మియాపూర్_మాధవి

టైల్స్ అన్నీ ఒకేసారి కొనాలా, గది గదికీ విడిగా తెప్పించుకోవచ్చా? ఒకేసారి కొంటే వాటిని ఎక్కడ పెట్టాలో తోచడం లేదు.

తాపీ_చేతులు

ఒకేసారి కొనండి, పది శాతం ఎక్కువ కొనండి. పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. తర్వాత తెచ్చినవి వేరే బ్యాచ్ అయితే రంగులో తేడా గుమ్మం దగ్గరే కనిపిస్తుంది. నాలుగైదు టైల్స్ మిగిల్చి అటక మీద దాచుకోండి.

తెనాలి_ఇంజనీరు

600 బై 1200 కొలత అయితే ఒక పెట్టెలో సాధారణంగా రెండు పలకలు, పదిహేనున్నర చదరపు అడుగులు వస్తాయి. వెయ్యి అడుగులకు అరవై అయిదు, పది శాతం కలుపుకుంటే డెబ్బై పెట్టెలు దాటుతాయి. మొత్తం బరువు రెండు టన్నుల చిల్లర. అన్నిటినీ బాల్కనీలో గాని, ఒక గది మధ్యలో గాని ఒకే దొంతరగా పెట్టించకండి. రెండు మూడు గదుల్లో, కింద దూలాలుండే గోడల వెంబడి, పెట్టెలను నిలువుగా ఒకే వరుసలో పెట్టిస్తే శ్లాబుకు ఇబ్బంది ఉండదు, నడవడానికి దారి కూడా మిగులుతుంది.

మియాపూర్_మాధవి

లోపలి గదిలో మంచం తీసేశాక గోడ పక్కన ఇరవై పెట్టెలు పడతాయి, మిగతావి అమ్మాయి గదిలో, హాలు గోడ దగ్గర సర్దుతాను. దుకాణం వాళ్లు పైకి మోసి పెడతారో, లిఫ్టు దగ్గర దించేసి పోతారో ఈ సాయంత్రం అడిగి వస్తాను.

కింది_ఫ్లాటు_మనిషి

పెట్టెలు ఎక్కించడానికైనా సరే, లిఫ్టు లోపల ప్లైవుడ్ కట్టించాకే వాడండి.